రిపోర్టులో లేనిది ఇంట్లోవాళ్లకు కనిపిస్తుంది

ఈ నెల ఉత్తరాలకు చాలామంది రక్తపరీక్షల కాగితాలు జత చేశారు. అన్నీ చదివాను. నాకు ఎక్కువగా ఉపయోగపడింది మాత్రం ఆ అంకెలు కాదు. ఉత్తరం మధ్యలో ఎక్కడో "చొక్కా గుండీలు తప్పు పెట్టుకుంటున్నారు", "పాప దస్తూరి మారిపోయింది" అని రాసిన చిన్న చిన్న మాటలు. కాలేయం, జీర్ణకోశం జబ్బులు చూడటం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లు దాటాక కూడా నేను రోగి పక్కన వచ్చినవాళ్లనే ముందు అడుగుతాను, "మీరేం గమనించారు?" అని. రాసినవాళ్ల పేర్లు తీసేసి ఈసారి ఆరు ఉత్తరాలకు జవాబిస్తున్నాను. తొందరగా చూపించుకోవాల్సినవాటిని ముందు పెట్టాను.

ప్రశ్న: మావారికి 58 ఏళ్లు. రెండేళ్ల క్రితం సిర్రోసిస్ అని తేలింది. తాగుడు అప్పుడే మానేశారు. పొట్టలో నీరు చేరితే మాత్రలతో తగ్గింది. రెండు నెలలుగా పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంటారు. ఏమన్నా అంటే విసుక్కుంటారు. మళ్లీ తాగుతున్నారేమోనని పిల్లల అనుమానం. రాత్రి నిద్రమాత్ర ఇవ్వవచ్చా?

జవాబు: అమ్మా, నిద్రమాత్ర ఇవ్వకండి. ఈ ఒక్క మాట మీకు వెంటనే చేరాలనే మీ ఉత్తరం మొదట పెట్టాను.

మీవారు తాగి ఉండాల్సిన పనిలేదు. మీరు రాసింది హెపాటిక్ ఎన్‌కెఫలోపతి తొలిదశకు అచ్చంగా సరిపోతోంది. పేగుల్లోని సూక్ష్మజీవులు అమ్మోనియా తయారు చేస్తుంటాయి. మామూలుగా కాలేయం దాన్ని అక్కడికక్కడే యూరియాగా మార్చేస్తుంది. కాలేయం గట్టిపడిపోయాక ఆ పని సరిగ్గా జరగదు. పైగా కొంత రక్తం కాలేయంలోకి వెళ్లకుండా పక్కదారిన పోతుంది. ఆ రక్తంతో పాటు అమ్మోనియా మెదడుకు చేరుతుంది. నిద్ర తలకిందులు కావడం దీనికి చాలా తొందరగా కనిపించే గుర్తు. ఆ తర్వాత చిరాకు, మతిమరుపు, చేతిపనుల్లో తడబాటు వస్తాయి. మనిషి స్వభావం మారిందని ఇంట్లోవాళ్లు బాధపడతారు. స్వభావం కాదమ్మా, జబ్బు అది.

ఇంట్లోనే ఒకటి చూడండి. రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్లు విడదీసి, అరచేతులు ఎదుటివాళ్లను ఆపుతున్నట్టు పైకి ఎత్తి అర నిమిషం అలాగే ఉంచమనండి. మణికట్టు దగ్గర చేయి ఉన్నట్టుండి కిందికి జారి, మళ్లీ లేస్తూ, పక్షి రెక్క కొట్టుకున్నట్టు కదిలితే ఆ రోజే డాక్టరుకు చూపించండి. కదలకపోయినా ఈ వారంలో చూపించాల్సిందే.

బహుశా లాక్టులోజ్ సిరప్ రాస్తారు. చాలామంది దాన్ని విరేచనాల మందు అనుకుని, రెండుసార్లు వెళ్లగానే ఆపేస్తారు. అది పేగులో ఆమ్లగుణం పెంచి అమ్మోనియాను రక్తంలోకి పోకుండా పట్టి ఉంచుతుంది. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా వెళ్లేలా మోతాదు మీరే సర్దుకోవాలి. నీళ్లలా పోతే తగ్గించాలి, ఒంట్లో నీరు తగ్గినా ఇదే తడబాటు పెరుగుతుంది. ఒకసారి ఎన్‌కెఫలోపతి వచ్చి తగ్గాక మళ్లీ వస్తుంటే రిఫాక్సిమిన్ అనే మాత్ర కలుపుతారు.

మందు కన్నా ముందు కారణం వెతకాలి. మలబద్ధకమా? మలం తారులా నల్లగా వస్తోందా? జ్వరం ఉందా? పొట్టలో నీరు ఉన్నవాళ్లకు ఆ నీటిలోనే ఇన్ఫెక్షన్ చేరుతుంది. సూదితో కాస్త నీరు తీసి, అందులో న్యూట్రోఫిల్ కణాలు (తెల్లకణాల్లో ఒక రకం) మైక్రోలీటరుకు 250 దాటాయంటే యాంటీబయాటిక్ ఆ గంటే మొదలుపెట్టాలి. నీరు తగ్గించే మాత్రల మోతాదు ఎక్కువై సోడియం, పొటాషియం పడిపోయినా ఇలాగే ఉంటుంది.

ఇంకొక్కటి. "లివర్ జబ్బు కదా, మాంసకృత్తులు మానేయాలి" అని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ సలహా పాతబడిపోయింది. కాలేయం చేయలేని అమ్మోనియా పని కొంత కండరాలు చేస్తాయి. కండ కరిగితే జబ్బు ముదురుతుంది. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అందాలి. రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినిపించండి, సిర్రోసిస్‌లో రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే శరీరం సొంత కండనే కరిగించుకుంటుంది. ఇది తేలేదాకా బండి నడపనివ్వకండి. పిల్లలకు ఈ జవాబు చదివి వినిపించండి.

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. ఏడాదిగా లివర్ పరీక్షల్లో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువగానే ఉంటున్నాయి. హెపటైటిస్ బి, సి లేవు. మొదట కామెర్లు తగ్గాక నెమ్మదిగా దిగుతాయన్నారు. ఇప్పుడు చదువులో వెనకబడింది, దస్తూరి పాడైంది, గ్లాసు పట్టుకుంటే చేయి వణుకుతోంది. పరీక్షల ఒత్తిడి అన్నారు. నమ్మాలా?

జవాబు: నమ్మకండి. ఒత్తిడి ఉండవచ్చు. కానీ ఒత్తిడితో ఎస్‌జీపీటీ ఏడాదిపాటు పెరిగి ఉండదు. చిన్న వయసులో కాలేయం, మెదడు రెండూ ఒకేసారి ఇబ్బంది పెడుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది విల్సన్ వ్యాధిని. 1912లో కినియర్ విల్సన్ అనే నరాల వైద్యుడు వివరించిన జబ్బు ఇది. తినే తిండిలోంచి మనకు కొద్దిగా రాగి అందుతుంది, అవసరానికి మించినదాన్ని కాలేయం పైత్యరసంలోకి వదిలి బయటికి పంపేస్తుంది. ఏటీపీ7బీ అనే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపంతో వస్తే ఆ తలుపు మూసుకుపోతుంది. రాగి ముందు కాలేయంలో, ఆపైన మెదడులో, కంట్లో పేరుకుంటుంది.

పాప పాత నోటుపుస్తకాలు ఉంటే తీసి వరసగా పెట్టండి. నేను ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల్ని అడిగి తెప్పించుకుంటాను. రెండేళ్ల క్రితం గీత మీద నిలబడ్డ గుండ్రటి అక్షరాలు, ఏడాది క్రితం కాస్త చిన్నవై, ఈ ఏడాది గీత దిగి ఒకదాని మీదొకటి ఎక్కి... ఆ పేజీలు తిప్పుతుంటే ఏ స్కానూ చూపించని కాలక్రమం కళ్ల ముందు కనిపిస్తుంది. డాక్టరు దగ్గరికి వాటినీ పట్టుకెళ్లండి.

చేయించాల్సినవి ఇవి. కంటి డాక్టరు దగ్గర స్లిట్ ల్యాంప్ పరీక్ష: నల్లగుడ్డు అంచున గోధుమ, ఆకుపచ్చ కలిసిన సన్నటి వలయం ఉందేమో చూస్తారు. దీన్ని కైజర్–ఫ్లైషర్ వలయం అంటారు. టార్చిలైటుతో చూసి లేదని తేల్చకూడదు. నరాల లక్షణాలు మొదలైనవాళ్లలో దాదాపు అందరికీ ఇది ఉంటుంది. కాలేయం ఒక్కటే దెబ్బతిన్నవాళ్లలో సగంమందికి ఉండకపోవచ్చు. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్ డెసీలీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే అనుమానం, 10 లోపు ఉంటే బలమైన అనుమానం. వాపు ఉన్నప్పుడు ఇది పెరిగి మామూలుగా కనిపించగలదు కాబట్టి ఒక్క అంకెతో ఆగకూడదు. 24 గంటల మూత్రం పట్టి అందులో రాగి కొలవాలి. లక్షణాలున్నవారిలో 100 మైక్రోగ్రాములు దాటితే జబ్బు వైపే మొగ్గుతాం. తేలకపోతే జన్యు పరీక్ష, కాలేయం ముక్క పరీక్ష ఉన్నాయి.

ఇది మందులకు లొంగే జబ్బు. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను. 1956లో జాన్ వాల్ష్ పెన్సిలమిన్ వాడకం మొదలుపెట్టేదాకా ఇది ప్రాణాలు తీసే జబ్బు. ఇప్పుడు పెన్సిలమిన్, ట్రయంటిన్ రాగిని మూత్రంలోకి లాగేస్తాయి, జింక్ పేగులోనే అడ్డుకుంటుంది. వణుకు, మాట తడబాటు ఉన్నవాళ్లకు పెన్సిలమిన్ మొదట్లో లక్షణాలు పెంచవచ్చు కాబట్టి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. మందు జీవితాంతం. బాగున్నాం కదా అని ఆపేసిన కొన్ని నెలలకే కాలేయం ఒక్కసారిగా విఫలమై వచ్చినవాళ్లను చూశాను. కాపాడటానికి మార్పిడి తప్ప దారి లేని స్థితిలో.

పాపకు ఇదేనని తేలితే, తోబుట్టువులు ఎంత ఆరోగ్యంగా ఉన్నా అందరికీ పరీక్ష చేయించండి. ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. లక్షణాలు రాకముందే మందు మొదలైన పిల్లలు మామూలు జీవితం గడుపుతారు.

ప్రశ్న: 27 ఏళ్ల మహిళను. రెండేళ్లలో ఐదుసార్లు భరించలేని కడుపునొప్పి. ఎక్కువగా నెలసరికి ముందు. వాంతులు, మలబద్ధకం, గుండె దడ. అపెండిక్స్ తీసేశారు, అయినా నొప్పి వచ్చింది. స్కాన్లు, ఎండోస్కోపీ బాగున్నాయి. చివరికి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లమన్నారు.

జవాబు: మీ ఉత్తరం చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇలాంటి ఒక అమ్మాయి విషయంలో నేను చేసిన తప్పు గుర్తొచ్చింది.

నేను పీజీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, ఏడాదిలో మూడోసారి అడ్మిట్ అయింది. నొప్పితో మెలికలు తిరుగుతోంది, పొట్ట నొక్కి చూస్తే మాత్రం మెత్తగా ఉంది. స్కాన్ మామూలు. కేసు షీటులో నా చేత్తో "ఆందోళన వల్ల" అని రాశాను, నిద్రపట్టడానికి ఫినోబార్బిటాల్ ఇచ్చాను. రెండో రోజు సాయంత్రం నైట్ డ్యూటీ సిస్టర్ మూత్రం పట్టిన సీసా నా బల్ల మీద పెట్టింది. కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయిందట. "డాక్టర్, పొద్దున ఇది మామూలు పసుపే. ఇప్పుడు చూడండి" అంది. ముదురు ఎరుపు కలిసిన తుప్పు రంగు. నేను చూడనిది ఆమె చూసింది. అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్ఫిరియా. నేను ఇచ్చిన మత్తుమందు ఆ జబ్బును రేపే మందుల జాబితాలో మొదటి వరసలోది. అప్పటికే ఆ అమ్మాయి చేతులు పట్టు తప్పుతున్నాయి. ఆ బలం తిరిగి రావడానికి నెలలు పట్టింది. నేను రాసిన ఆ మాట కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. ఇప్పటికీ "ఆందోళన" అని రాయబోయే ముందు నా కలం ఆగుతుంది.

మీకు ఉన్నది ఇదేనని నేను చెప్పలేను. కానీ దీన్ని వెతికి తీరాలి. ఈ జబ్బులో, రక్తంలో ఎర్రదనానికి మూలమైన హీమ్ తయారయ్యే వరసలో ఒక ఎంజైము సగమే పనిచేస్తుంది. ఉపవాసం, హార్మోన్ల మార్పు, కొన్ని మందులు కాలేయాన్ని తొందరపెడితే మధ్యలోని పదార్థాలు పోగుపడి నరాలను దెబ్బతీస్తాయి. కడుపు నొప్పి నరాలదే కాబట్టి స్కాన్‌లో ఏమీ కనిపించదు. గుండె దడ, బీపీ పెరగడం, సోడియం తగ్గడం అందుకే.

ఈసారి నొప్పి వచ్చినప్పుడు, నొప్పి ఉండగానే, మూత్రంలో పోర్ఫోబిలినోజెన్ పరీక్ష చేయమని అడగండి. నమూనా సీసాకు వెలుతురు తగలకుండా చుట్టి పంపాలి. నొప్పి లేని రోజుల్లో కొందరిలో మామూలుగా వస్తుంది కాబట్టి అప్పుడు బాగుందన్న మాటతో వదిలేయకండి. తేలితే నొప్పి సమయంలో గ్లూకోజు, రక్తనాళంలోకి హీమిన్ ఇస్తారు. మళ్లీ మళ్లీ వస్తున్నవాళ్లకు 2019 నుంచి గివోసిరాన్ అనే ఇంజెక్షన్ అందుబాటులోకి వచ్చింది. ఈలోగా తిండి మానకండి, కొత్త మందు ఏది రాసినా పోర్ఫిరియా అనుమానం ఉందని చెప్పండి. చేతులు, కాళ్లు బలహీనంగా అనిపించినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా అది అత్యవసరం.

డాక్టరుతో మరో రెండు విషయాలు కూడా మాట్లాడండి. రక్తంలో సీసం కలిసినా ఇలాగే నొప్పి, మలబద్ధకం ఉంటాయి. నెలసరితో ముడిపడ్డ నొప్పికి ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) కూడా కారణం కావచ్చు, మామూలు స్కాన్‌కు అది దొరక్కపోవచ్చు.

ప్రశ్న: 48 ఏళ్లు. స్కానింగులో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అన్నారు. గ్రేడ్ 3 అయితే సిర్రోసిసేనా? బరువు 80 కిలోలు.

జవాబు: కాదండీ. స్కానింగులో గ్రేడు కొవ్వు ఎంత మెరిసిందో చెబుతుంది. మనకు కావలసింది కాలేయంలో మచ్చ, అంటే ఫైబ్రోసిస్, ఎంత పడిందన్నది. గ్రేడ్ 1 వారికి మచ్చ ముదిరి ఉండవచ్చు, గ్రేడ్ 3 వారికి లేకపోవచ్చు.

మీరు జత చేసిన రిపోర్టుతోనే ఒక లెక్క వేద్దాం. దీన్ని ఫిబ్-4 అంటారు. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి: 48 ఇంటూ 40, మొత్తం 1920. ప్లేట్‌లెట్లు మీకు 2 లక్షలు, వేలల్లో 200. ఎస్‌జీపీటీ 64, దాని వర్గమూలం 8. 200 ఇంటూ 8 అంటే 1600. 1920ని 1600తో భాగిస్తే 1.2. ఇది 1.3 లోపు ఉంది కాబట్టి ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. ఇదే వయసులో ఎస్‌జీఓటీ 72కి చేరి, ప్లేట్‌లెట్లు 1 లక్షా 20 వేలకు దిగితే 3.6 వస్తుంది. 2.67 దాటితే ఆలస్యం చేయకుండా కాలేయ నిపుణుణ్ని కలవాలి. మధ్యలో ఉన్నవాళ్లకు కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్. అందుకే ఏటేటా నెమ్మదిగా దిగుతున్న ప్లేట్‌లెట్ల సంఖ్యను నేను శ్రద్ధగా చూస్తాను. పాత రిపోర్టులు పారేయకండి.

మీ 80 కిలోల్లో 5 శాతం, అంటే 4 కిలోలు తగ్గితే కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం, ఆరు నుంచి ఎనిమిది కిలోలు తగ్గితే వాపు, 10 శాతం దాటితే మచ్చ కూడా వెనక్కి మళ్లగలదు. తీపి పానీయాలు, మద్యం పూర్తిగా మానేయండి. షుగరు, కొలెస్ట్రాలు, బీపీ చూపించుకోండి, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకు కాలేయం కన్నా గుండె నుంచే ప్రమాదం ఎక్కువ.

ప్రశ్న: 22 ఏళ్లు. ఉద్యోగం మెడికల్ టెస్టులో బిలిరుబిన్ 2.6 వచ్చింది, డైరెక్ట్ 0.4. మిగతావన్నీ మామూలే. రెండేళ్లుగా కళ్లు అప్పుడప్పుడు పచ్చబడుతున్నాయి.

జవాబు: తమ్ముడూ, ఇది చాలావరకు గిల్బర్ట్ సిండ్రోమ్ అయి ఉంటుంది. జబ్బు అనడానికి కూడా నోరు రాదు. 1901 నుంచే వైద్యులకు తెలుసు. కళ్లకు పచ్చదనం తెచ్చే బిలిరుబిన్‌ను శుద్ధి చేసే ఎంజైము పుట్టుకతోనే కాస్త నెమ్మదిగా పనిచేస్తుంది. జ్వరం వచ్చినా, తిండి తినకపోయినా, బాగా అలిసిపోయినా పెరుగుతుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. ఇలా శుద్ధి కాని బిలిరుబిన్ మూత్రంలోకి రాదు కాబట్టి కళ్లు పచ్చగా ఉన్నా మూత్రం రంగు మారదు. మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం అది వేరే విషయం, వెంటనే చూపించుకోండి. ఎర్రకణాలు విరిగిపోవడం లేదని తేల్చడానికి హిమోగ్లోబిన్, రెటిక్యులోసైట్, ఎల్‌డీహెచ్ ఒకసారి చూపించి, బాగుంటే ఆ సంగతి ఒక కాగితం మీద రాయించుకుని ఉద్యోగం ఇచ్చేవాళ్లకు ఇవ్వండి. లివర్ టానిక్కులు అక్కర్లేదు.

ప్రశ్న: ఐదో నెల గర్భిణిని. హెపటైటిస్ బి పాజిటివ్ అని తేలింది. బిడ్డకు వస్తుందా? నా కంచం, గ్లాసు వేరుగా పెట్టేశారు.

జవాబు: కంచం, గ్లాసు మళ్లీ అందరితో కలిపేయించండి. కలిసి తింటే, కౌగిలించుకుంటే ఇది అంటదు. రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, ప్రసవంలో తల్లి నుంచి బిడ్డకు అంటుతుంది. కాబట్టి బ్లేడు, టూత్‌బ్రష్ మాత్రం వేరుగా ఉంచుకోండి. భర్తకూ, ఇంట్లోవాళ్లకూ పరీక్ష చేయించి, లేనివాళ్లకు టీకా వేయించండి.

ఇప్పుడే హెచ్‌బీవీ డీఎన్ఏ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే పరీక్ష), ఎస్‌జీపీటీ చూపించుకోండి. డీఎన్ఏ మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే ఏడో నెల ప్రాంతంలో టెనోఫోవిర్ మొదలుపెడతారు, గర్భంలో బిడ్డకు అది సురక్షితం. బిడ్డ పుట్టిన 12 గంటల్లోపు టీకా మొదటి డోసు, ఇంకో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు) వేయాలి. ప్రసవం అర్ధరాత్రి అయినా, సెలవు రోజు అయినా ఆ మందు ఆసుపత్రిలో సిద్ధంగా ఉండాలి. ఎనిమిదో నెలలోనే వెళ్లి "ఇమ్యునోగ్లోబులిన్ మీ దగ్గర ఉంటుందా, ఎవరు తెస్తారు?" అని అడిగి, మీ ఫైలు పై పేజీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ఇవన్నీ చేశాక మీరు నిశ్చింతగా చనుబాలు ఇవ్వవచ్చు. మిగతా డోసులు పూర్తయ్యాక, బిడ్డకు 9 నుంచి 12 నెలల మధ్య రక్తపరీక్ష చేయిస్తారు. ఆ రిపోర్టు రాగానే నాకు ఒక ఉత్తరం రాయండమ్మా, ఎదురుచూస్తుంటాను.